ఒట్టి మాటే కదా అంటారా?

మీ ప్రశ్నను ముందు నాకు అర్థమైనంతలో ఇక్కడ మళ్లీ చెబుతాను, తర్వాత చదివేవాళ్లకు వీలుగా ఉంటుంది. పెళ్లయి ఏడాదైన మీ అమ్మాయి ఫోన్‌లో ఏదో బాధ చెప్పుకుంటుంటే మీరు "సంసారమన్నాక సర్దుకుపోవాలమ్మా" అన్నారు. ఆమె "ఈ మాట అనీ అనీ ఇక్కడిదాకా తెచ్చారు" అని ఫోన్ పెట్టేసింది. అప్పటినుంచి మీకు రెండు అనుమానాలు. ఇంట్లో అలవాటుగా అనే ఒక మాట నిజంగా అంత పని చేస్తుందా? టీవీ, పేపర్లు మన విలువల్ని తయారు చేస్తాయా, లేక ఉన్నవాటినే చూపిస్తాయా?

నేను భాషాశాస్త్రం చదివినవాణ్ని కాదు. ఒక తెలుగు దినపత్రిక డెస్క్‌లో 26 ఏళ్లు వార్తలు దిద్దాను, చివరి ఆరేళ్లు కొత్తగా చేరిన సబ్‌ఎడిటర్లకు పని నేర్పాను. కాబట్టి నా జవాబు పుస్తకాల్లోంచి కన్నా ఎర్ర పెన్నులోంచి ఎక్కువ వస్తుంది. అన్నేళ్లలో నాకు తేలింది ఇదీ: మనం తిట్ల మీద, బూతుల మీద కాపలా కాస్తాం. అవి కంటికి కనిపిస్తాయి కాబట్టి పట్టుకోగలం. విలువలు మాత్రం ఎవరూ చూడని చోటునుంచి దిగుతాయి. తెలుగులో ఆ చోటు వాక్యం చివర ఉంటుంది. క్రియలో.

ఇంట్లోంచే మొదలుపెడదాం. "నాన్నగారు చెప్పారు, అమ్మ చెప్పింది." చాలా ఇళ్లల్లో పిల్లలు మాటలు నేర్చేది ఇలాగే. తెలుగు వ్యాకరణం ఏకవచనంలో లోకాన్ని రెండుగా చీలుస్తుంది. మగమనిషి వచ్చాడు. ఆడమనిషి వచ్చింది, ఆవు వచ్చింది, బస్సు వచ్చింది, వాన వచ్చింది. 1858 నాటి బాలవ్యాకరణంలో చిన్నయసూరి మహత్తు (మగవాళ్లు), అమహత్తు (మిగతావన్నీ) అని చెప్పింది ఈ విభజన గురించే. బహువచనానికి వచ్చేసరికి ఆడవాళ్లు మళ్లీ మనుషుల్లో కలుస్తారు: ఆడవాళ్లు వచ్చారు, బస్సులు వచ్చాయి.

ఇది చెప్పగానే క్లాసులో ఎవరో ఒకరు "చూశారా, మన భాషే ఆడవాళ్లను వస్తువుల్లో పడేసింది" అనేవారు. అక్కడ నేను బ్రేకు వేసేవాణ్ని. తమిళంలో, కన్నడంలో స్త్రీకి ఏకవచనంలోనే విడిగా రూపం ఉంది. అంతమాత్రాన ఆ భాషలు మాట్లాడే ఇళ్లల్లో ఆడవాళ్ల బతుకు మనకన్నా హాయిగా ఉందని ఎవరూ చెప్పలేరు. పైగా "అమ్మ చెప్పింది"లో చులకన లేదు, దగ్గరితనం ఉంది. వ్యాకరణం వేల ఏళ్లనాటిది, దాన్ని బోనులో నిలబెట్టి లాభం లేదు. చూడాల్సింది మన చేతిలో ఉన్న ఎంపికను. "చెప్పారు" అనే మూడో రూపం భాష మనకు ఇచ్చే ఉంచింది. దాన్ని ఎవరికి ఇస్తున్నాం, ఎవరికి ఇవ్వడం లేదు? నాన్నకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇచ్చి, అమ్మకు ఆమె ఉద్యోగంలో పెద్ద హోదాకు వచ్చాక మాత్రమే ఇస్తే, పిల్లలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఇంకో మాట. "మీ ఆవిడ ఏం చేస్తారు?" "ఏం చెయ్యదండీ, ఇంట్లోనే ఉంటుంది." ఈ జవాబు చెప్పేవాడు చెడ్డవాడు కాదు, భార్యను తక్కువ చేద్దామని కూడా అనడు. నోటికి వచ్చింది అంతే. కానీ ఆ నోటికి తోడు ప్రభుత్వ కాగితం కూడా ఉంది. జనాభా లెక్కల్లో కేవలం సొంత ఇంటి పని చేసేవాళ్లను పనిచేయనివారి గడిలో వేస్తారు. 2010లో ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు దీన్నే తప్పుపట్టింది, గృహిణులను యాచకులు, ఖైదీలతో ఒకే గాటన కట్టారని. 2019లో జాతీయ గణాంక కార్యాలయం జనం రోజంతా సమయం ఎలా గడుపుతారో సర్వే చేసింది. జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు 299 నిమిషాలు వెచ్చిస్తున్నారు, మగవాళ్లు 97 నిమిషాలు. అయిదు గంటలపాటు "ఏం చెయ్యదు" అన్నమాట.

మీ అమ్మాయి ఏ బాధ చెప్పుకుందో మీరు రాయలేదు, నేను అడగను. కానీ ఈ సందర్భంలో ఒక మాట దగ్గర కాసేపు ఆగాలి. భర్త భార్యను కొట్టాడు. తెలుగులో మనం దాన్ని ఎలా చెబుతాం? "చెయ్యి చేసుకున్నాడు." ఎంత మెత్తని మాటో చూడండి. కొట్టు అన్న ధాతువు లేదు, దెబ్బ లేదు, ఆమె కూడా దాదాపు లేదు. అతనూ అతని చెయ్యీ మాత్రమే ఉన్నారు, అదేదో వాళ్లిద్దరి మధ్య వ్యవహారం అయినట్టు. ఇదే పని పొరుగింటాయన చేస్తే "కొట్టాడు" అంటాం, రోడ్డు మీద ఎవరో చేస్తే "దాడి చేశాడు" అంటాం. దెబ్బ ఒకటే. బంధుత్వం దగ్గరయ్యేకొద్దీ క్రియ మెత్తబడుతుంది.

2019-21లో జరిగిన ఐదో విడత జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో భర్త భార్యను కొట్టడం ఏ సందర్భాల్లో సమంజసం అని ఏడు కారణాలు చెప్పి అడిగారు: చెప్పకుండా బయటికి వెళ్లడం, ఇంటినీ పిల్లల్నీ సరిగ్గా చూసుకోకపోవడం, ఎదురు మాట్లాడటం, అత్తమామలను గౌరవించకపోవడం వంటివి. కనీసం ఒక్క కారణానికైనా "సమంజసమే" అన్న మహిళలు తెలంగాణలో 84 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో కూడా 84 శాతం. రెండు చోట్లా అలా అన్న మగవాళ్ల శాతం అంతకన్నా తక్కువే. నేను ఈ అంకెలు మొదటిసారి చూసినప్పుడు అచ్చుతప్పేమో అనుకున్నాను. "చెయ్యి చేసుకున్నాడు" అనే మాట వల్లే 84 శాతం వచ్చిందని నేను అనను. అది అబద్ధమవుతుంది. చదువు, ఆదాయం, పుట్టింటి తలుపు తెరిచి ఉందా లేదా, ఇవన్నీ ఉన్నాయి. కానీ ఒక పనికి గట్టి పేరు పెట్టడానికే నోరు రాని చోట, దాన్ని తప్పని తేల్చడానికి మనసు రావడం కష్టం.

ఇప్పుడు నా ఇలాకాకు వస్తాను. పేపర్లో వాక్యం ఎలా పుడుతుందో బయటివాళ్లకు తెలియదు. రాత్రి పదింటికి జిల్లా పేజీ వదలాలి. తొమ్మిదిన్నరకు పదిహేను వార్తలు మీద పడతాయి. ఎవరూ కూర్చుని విలువల గురించి ఆలోచించరు. చేతికి అందేవి రెడీమేడ్ మాటలు. అనుమానం ఎప్పుడూ పెనుభూతమే అవుతుంది. మృత్యువు లారీ రూపంలోనే వస్తుంది. భార్యను చంపినవాడు క్షణికావేశంలోనే చంపుతాడు, కత్తి ముందురోజు కొని దాచిపెట్టుకున్నా సరే. ఈ మాటల్లో కుట్ర ఏమీ లేదు, తొందర ఉంది. అయితే తొందరలో చేతికి తగిలేది ఎప్పుడూ పాత సామానే. సమాజం నిన్న ఏమనుకుందో అది ఇవాళ్టి హెడ్డింగ్‌లోకి వచ్చి కూర్చుంటుంది, రేపు చదివేవాడికి అదే సహజం అనిపిస్తుంది. మీ రెండో ప్రశ్నకు, మీడియా చూపిస్తుందా తయారు చేస్తుందా అన్నదానికి, నేను చెప్పగల జవాబు ఇది. రెండు పనులూ ఒకే చేత్తో, ఒకే రాత్రి జరుగుతాయి.

ఒక సంఘటన చెబుతాను. ఒక మండలం నుంచి కంట్రిబ్యూటర్, అంటే అక్కడి విలేకరి, పంపిన వార్తలో ఇలా ఉంది: "నాలుగు నెలలుగా పింఛను అందడం లేదని వృద్ధురాలు వాపోయింది." ఒక వివరం కోసం అతనికి ఫోన్ చేశాను. మాటల్లో అతనే అన్నాడు, "మామూలు ముసలమ్మ కాదు సార్. పాత రసీదులన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చింది. ఏ నెల ఎందుకు ఆగిందో ఒక్కొక్కటీ చూపించి అడుగుతుంటే ఆఫీసరు నీళ్లు నమిలాడు." నేను అడిగాను, "మరి వాపోయింది అని రాశావేంటి? ఏడ్చిందా?" "లేదు సార్, అసలు ఏడవలేదు." "మరి?" కాసేపాగి అన్నాడు, "అలాగే కదా సార్ రాస్తాం."

ఆ రాత్రి ఆ క్రియను "నిలదీసింది" అని మార్చాను. పొద్దున మా ఇన్‌ఛార్జి పిలిచి, నిలదీసింది అంటే ఆవిడేదో పార్టీ మనిషిలా ఉంది కదయ్యా అన్నారు. ఆ మాటతో నాకు విషయం పూర్తిగా అర్థమైంది. తర్వాత కొత్తవాళ్లకు క్లాసులో చేయించే మొదటి పని ఇదే అయింది. నెల రోజుల పేపర్లు ముందేసుకుని, ఎవరి మాటకు ఏ క్రియ వాడామో రాయమనేవాణ్ని. నాయకులు స్పష్టం చేస్తారు, ఉద్ఘాటిస్తారు, ధ్వజమెత్తుతారు. అధికారులు వెల్లడిస్తారు, వివరిస్తారు. పేదవాళ్లు వాపోతారు, గోడు వెళ్లబోసుకుంటారు, మొరపెట్టుకుంటారు, కన్నీరుమున్నీరవుతారు. వాళ్లు ఎప్పుడూ వివరించరు. ఆ ముసలమ్మ చేసింది అచ్చంగా వివరించడమే, కానీ ఆ క్రియ ఆమె కోసం పెట్టింది కాదు.

చావు దగ్గర కూడా ఇదే వరస. పెద్దవాళ్లు కన్నుమూస్తారు, అస్తమిస్తారు, తుదిశ్వాస విడుస్తారు. కూలీలు మృత్యువాత పడతారు, అదీ అంకెల్లో. పోలీసు వీరమరణం పొందుతాడు, మావోయిస్టు హతమవుతాడు. ఇందులో "ఎదురుకాల్పులు" అనే మాట గురించి ఒక్క ముక్క చెప్పి వదిలేస్తాను. ఎన్‌కౌంటర్‌కు తెలుగులో పాతుకుపోయిన మాట అది. ఆ మాట రాసిన క్షణంలోనే అటువైపు నుంచి కూడా కాల్పులు జరిగాయని మనం తేల్చేసినట్టు. 2014లో సుప్రీంకోర్టు, ఎన్‌కౌంటర్‌లో ఎవరైనా చనిపోతే స్వతంత్ర దర్యాప్తు జరగాలని మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం ప్రశ్న అడగమంటోంది. మన హెడ్డింగ్ ఆ రాత్రే జవాబు చెప్పేస్తోంది.

ఆడవాళ్ల మీద నేరాల వార్తల్లో మార్పు కొంత నేను కళ్లారా చూశాను. నేను చేరిన కొత్తలో "మానభంగం" మామూలు మాట. నేరం చేసింది వాడు, భంగమైంది ఈమె మానం. ఆ ఒక్క సమాసంలో ఊరంతా ఆమెను ఎలా చూడాలో రాసిపెట్టి ఉంది. ఇప్పుడు అత్యాచారం, లైంగిక దాడి అంటున్నాం, మంచిదే. కానీ "యువతి అత్యాచారానికి గురైంది" అన్న వాక్యంలో చేసినవాడు ఏడి? ఆమె ఏదో జ్వరానికి గురైనట్టు ఉంది. "యువతిపై ముగ్గురి అత్యాచారం" అంటే అక్షరాలు కూడా తక్కువే, హెడ్డింగ్‌లో బాగా ఇముడుతుంది. వీధిలో అమ్మాయిల వెంటపడేవాళ్లకు మనం పెట్టిన పేరు "ఆకతాయిలు". ఆకతాయి అంటే అల్లరి పిల్లాడు. 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు జడ్జీలకూ లాయర్లకూ లింగ వివక్ష మూసమాటలపై ఒక చేతిపుస్తకం తెచ్చింది. ఈవ్ టీజింగ్ అనొద్దు, వీధుల్లో లైంగిక వేధింపు అనండి అంటుంది అందులో. తీర్పులు రాసేవాళ్లకే ఇలాంటి పుస్తకం అవసరమైందంటే, రాత్రి పదింటికి పేజీ వదిలేవాడి సంగతి చెప్పేదేముంది.

"ఆత్మహత్యకు పాల్పడ్డాడు" అన్నది కూడా చాలాకాలం నేనే రాశాను. పాల్పడటం అనే క్రియ ఎక్కడెక్కడ వాడతామో చూడండి: దోపిడీకి, అవినీతికి, దాడికి. అంటే నేరాల వరసలో నిలబెట్టాం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఆ ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, శిక్షించకూడదని చెప్పింది. 2019లో ప్రెస్ కౌన్సిల్ కూడా ఇలాంటి వార్తలు ఎలా రాయాలో మార్గదర్శకాలు ఇచ్చింది. మన క్రియ మాత్రం ఇంకా పాత శిక్షాస్మృతిలోనే ఉంది. నా దగ్గర నేర్చుకున్న ఒక అమ్మాయి "ఆత్మహత్య చేసుకున్నాడు అంటే చాలు కదా సార్, పాల్పడటం ఎందుకు?" అని అడిగింది. అన్నేళ్లుగా నాకు ఎందుకు తట్టలేదో నా దగ్గర జవాబు లేదు.

ఇదంతా విని "క్రియ మార్చితే మనుషులు మారతారా, టూ మచ్" అనిపించవచ్చు. నాకూ అనిపించేది. అమెరికాలో ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ 1974లో చేసిన ఒక ప్రయోగం చదివాక కొంచెం తగ్గాను. విద్యార్థులకు కార్లు గుద్దుకునే ఫిల్ములు చూపించారు. తర్వాత అవి ఎంత వేగంతో వెళ్తున్నాయని అడిగారు. ప్రశ్నలో మార్చింది ఒక్క క్రియనే. కార్లు "నుజ్జయ్యేలా గుద్దుకున్నప్పుడు" అన్న అర్థంలో అడిగినవాళ్లకు సగటున గంటకు 40 మైళ్లకు పైనే అనిపించింది. "తాకినప్పుడు" అన్న అర్థంలో అడిగినవాళ్లకు 31.8. ఇంకో విడతలో, ఫిల్ము చూసిన వారానికి పిలిచి, పగిలిన అద్దం ముక్కలు చూశారా అని అడిగారు. గట్టి క్రియ విన్న 50 మందిలో 16 మంది చూశామన్నారు. మామూలుగా "ఢీకొన్నప్పుడు" అని విన్న 50 మందిలో ఏడుగురే అన్నారు. ఫిల్ములో అసలు అద్దం పగల్లేదు.

ఒకే ఒక్కసారి విన్న క్రియ వారం తర్వాత జ్ఞాపకంలో లేని గాజుముక్కలు చల్లింది. పాతికేళ్లపాటు రోజూ వినే క్రియ ఏం చేస్తుందో ఎవరూ ప్రయోగం చేసి చూపలేరు, కానీ ఊహించుకోవచ్చు.

డబ్బు విషయంలో ఇది ఇంకా నగ్నంగా కనిపిస్తుంది, పెద్దగా వివరించక్కర్లేదు. పేదవాడికి ప్రభుత్వం ఇస్తే ఉచితం, తాయిలం, పందేరం. కంపెనీకి ఇస్తే రాయితీ, ప్రోత్సాహకం. రైతు అప్పు తీసేస్తే మాఫీ, పెద్ద సంస్థ అప్పు బ్యాంకు పుస్తకాల్లోంచి తీసేస్తే రైటాఫ్. (రెండూ సాంకేతికంగా ఒకటి కాదు, రైటాఫ్ చేశాక కూడా వసూలు చేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. ఆ తేడా తెలిసి వాడేవాళ్లు తక్కువ.) 2005లో గ్రామీణ ఉపాధికి చట్టబద్ధమైన హామీ వచ్చింది, అంటే అడిగి తీసుకునే హక్కు. జనం నోట్లో చాలాచోట్ల అది "కరువు పని"గానే మిగిలింది. కరువులో దొర దయతలిచి పెట్టే పని అన్న పాత అర్థం ఆ హక్కును మింగేసింది.

సీరియళ్ల గురించి కూడా అడిగారు. ఇక్కడ నేను నా వృత్తి అహంకారాన్ని కాస్త మింగాల్సి వచ్చింది. పేపరువాళ్లకు టీవీ సీరియల్ అంటే చిన్నచూపు. ఎప్పుడూ ఏడ్చే కోడలు, విషం కలిపే అత్త, ఒక్కో ముఖం మీదికి మూడేసిసార్లు దూసుకొచ్చే కెమెరా. విలువలన్నీ పాడుచేసేవి ఇవేనని మా క్యాంటీన్ తీర్పు. అయితే రాబర్ట్ జెన్సెన్, ఎమిలీ ఆస్టర్ అనే ఆర్థికవేత్తలు 2001 నుంచి 2003 వరకు మన దేశంలోనే అయిదు రాష్ట్రాల్లో, బీహార్, ఢిల్లీ, గోవా, హర్యానా, తమిళనాడులలో గ్రామీణ కుటుంబాలను పరిశీలించారు. ఆ మధ్యకాలంలో కొత్తగా కేబుల్ వచ్చిన ఊళ్లలో, రాని ఊళ్లతో పోల్చితే, భర్త కొట్టడం సమంజసమే అనే ఆడవాళ్లు తగ్గారు, కొడుకే కావాలనే కోరిక తగ్గింది, సొంత నిర్ణయాల్లో ఆడవాళ్ల పాత్ర పెరిగింది. 2009లో అచ్చయింది ఆ అధ్యయనం.

ఎందుకలా? సీరియల్ నీతులు మంచివని కాదు. కథ చెప్పే నీతి వేరు, కథ వెనక కనిపించే లోకం వేరు. కోడలు ఏడుస్తూనే ఉంటుంది, కానీ సొంతంగా బండి నడుపుకుంటూ వెళ్లి ఏడుస్తుంది, ఆమెకు ఫోన్ ఉంటుంది, ఉద్యోగం ఉంటుంది, ఎదురుగా నిలబడి మాట్లాడుతుంది. చూసేవాళ్లకు నీతి ఒక చెవిలోంచి దిగి ఇంకో చెవిలోంచి పోతుంది. బండి మాత్రం మనసులో ఉండిపోతుంది. ఇది నా వ్యాఖ్యానం, ఆ అధ్యయనానికి అంటగట్టకండి. కానీ విలువలు ఉపన్యాసంలోంచి కాదు, ఉపన్యాసం చుట్టూ మామూలుగా కనిపించేవాటిలోంచి దిగుతాయన్నది నేను డెస్క్‌లో చూసినదానికి సరిగ్గా సరిపోతుంది.

మన సినిమాలు ఏళ్లతరబడి తెలంగాణ మాటను విలన్‌కూ కమెడియన్‌కూ ఇచ్చి, హీరోకు కోస్తా మాట ఇచ్చాయి. ఏ సినిమా కూడా "ఈ యాస తక్కువ" అని డైలాగ్ పెట్టలేదు. పెట్టాల్సిన పనే లేకపోయింది. బస్సు దిగి హైదరాబాద్ ఇంటర్వ్యూలో యాస మార్చుకుని మాట్లాడిన ఎందరో అది ఒక్క డైలాగ్ లేకుండానే నేర్చుకున్నారు. ఉద్యమం దాన్ని ప్రశ్నగా మార్చింది. ఇవాళ హీరోలు, వార్తలు చదివేవాళ్లు అదే మాట మాట్లాడుతున్నారు.

అంటే మాట కిందినుంచి కూడా మారుతుంది, రెండోవైపు కూడా పనిచేస్తుంది. ఇందుకు నాకు ఇష్టమైన ఉదాహరణ రాయలసీమ. 1800లో నిజాం ఆ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాడు. ఇచ్చేసినవి కాబట్టి ఇంగ్లిషువాళ్లు సీడెడ్ అన్నారు, మనవాళ్లు దత్త మండలాలు అన్నారు. ఒకడు ఇంకొకడికి ధారపోసిన వస్తువు పేరు అది. 128 ఏళ్లు అక్కడి మనుషులు ఆ పేరుతో బతికారు. 1928లో నంద్యాల సభల్లో చిలుకూరి నారాయణరావు ఆ పేరు వద్దు, రాయలసీమ అందామన్నారు. ఇచ్చేసిన నేల కాస్తా రాయలు ఏలిన నేల అయింది. భూమి అంగుళం కదల్లేదు, వాన ఒక్క చినుకు ఎక్కువ పడలేదు. కానీ ఇవాళ "మాది సీమ" అనే గొంతులో ఉన్న పొగరు దత్త మండలాల్లోంచి వచ్చేది కాదు. (సినిమా కలెక్షన్లు చెప్పేవాళ్లు ఇంకా నైజాం, సీడెడ్ అనే అంటున్నారు. అక్కడ కాలం ఆగిపోయింది.)

రెండోది నెల్లూరు జిల్లా దూబగుంట. అక్షరాస్యత ఉద్యమంలో ఆడవాళ్లకు చదువు చెప్పే వాచకంలో, తాగుడు వల్ల చితికిపోయిన ఒక ఇంటి కథ పాఠంగా పెట్టారు. అప్పటిదాకా ఆ విషయానికి వాళ్ల దగ్గర ఉన్న మాట "నా ఖర్మ". ఎవరి ఖర్మ వాళ్లది, పక్కింటామెతో కూడా చెప్పుకోరు. పాఠంలో అచ్చులో చూసేసరికి అది అందరి కథ అయింది. 1992లో దూబగుంట ఆడవాళ్లు, రోశమ్మ లాంటివాళ్లు ముందుండి, ఊళ్లో సారా అమ్మనివ్వలేదు. పేపర్లు ఆ వార్తకు జిల్లా పేజీల్లో విడవకుండా చోటిచ్చాయి, ఊరినుంచి ఊరికి పాకింది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ సంపూర్ణ నిషేధం ఎత్తేశారు కూడా. గెలుపు నిలవలేదు నిజమే. కానీ "ఖర్మ" అన్నది "సమస్య" అయింది చూడండి, అది వెనక్కి పోలేదు.

పేరు మారిస్తే చాలని మాత్రం అనుకోకండి. వికలాంగులు అనడం బాగాలేదని 2015 చివర్లో ప్రధాని దివ్యాంగులు అన్న మాట సూచించారు, అది మన పేపర్లలో స్థిరపడింది. అదే పేపర్లో, అదే పేజీలో "అధికారుల కుంటిసాకులు" అని హెడ్డింగ్ ఉంటుంది. ర్యాంపు లేని ఆఫీసు మెట్ల కింద దివ్యాంగుడు కూర్చుని ఉంటాడు. 2024 జులైలో సుప్రీంకోర్టు సినిమాలూ టీవీలూ వైకల్యాన్ని ఎలా చూపాలో మార్గదర్శకాలు ఇస్తూ, ఎగతాళి మాటలు వివక్షను పెంచుతాయంది. వైకల్యం ఉన్న నా మిత్రుడొకడు దివ్యాంగుడు అన్న మాట వింటే నవ్వుతాడు. "దివ్యత్వం వద్దురా, లిఫ్ట్ పనిచేయించండి చాలు" అంటాడు.

ఇక మీ వాక్యం. "సంసారమన్నాక సర్దుకుపోవాలి." ఇంతసేపూ క్రియ చూడమన్నాను కదా, దీన్ని కూడా అలాగే చూడండి. తెలుగులో దాదాపు ప్రతి క్రియా చేసేవాళ్లెవరో చెప్పేస్తుంది, చేశాడు, చేసింది, చేశారు. "ఆలి" చేరిన క్రియ మాత్రం చెప్పదు. నేను సర్దుకుపోవాలి, నువ్వు సర్దుకుపోవాలి, ఆయన సర్దుకుపోవాలి, అంతా ఒకటే రూపం. పైగా మీ వాక్యంలో కర్త లేడు. లోకంలో ఉన్న అందరికీ చెప్పిన నీతిలా ఉంటుంది. కానీ ఫోన్ ఎవరికి వచ్చింది? ఈ మాట ఎవరి చెవిలో పడింది? వినే మనిషే కర్త అవుతుంది. మీ అమ్మాయికి అది వినిపించింది, మీకు వినిపించలేదు. మీ తప్పు కాదు, మీకూ మీ అమ్మగారు ఇదే వాక్యం ఇచ్చి ఉంటారు.

ఈసారి మాట్లాడేటప్పుడు ఆ వాక్యం నోటిదాకా వస్తే కర్తను పెట్టి చెప్పి చూడండి. "అల్లుడు సర్దుకుపోవాలి." "ఇద్దరూ సర్దుకుపోవాలి." "నువ్వే సర్దుకుపోవాలి." మూడిట్లో మీరు నిజంగా అనదలుచుకున్నది ఏదో మీకే తెలుస్తుంది. మూడోదే అయితే, ఆ మాట అనేముందు ఆమె ఏ విషయంలో సర్దుకోవాలని మీరు అడుగుతున్నారో ఒకసారి పేరు పెట్టి మీలో మీరు చెప్పుకోండి. చెయ్యి చేసుకోవడం లాంటి మెత్తని మాట కాకుండా, అసలు పేరుతో.